కండక్టరు బాబాయి జబ్బు, నీ జబ్బు

మామయ్యా,

అన్యాయం జరిగింది. చేసింది నువ్వు, జరిగింది నీకూ అత్తయ్యకూ. ఆపరేషన్ వద్దని ఆసుపత్రిలో సంతకం పెట్టి, సరాసరి మా ఇంటికొచ్చి, నీ రేడియో నా చేతిలో పెట్టి, "ఉంచుకోరా, నాకెందుకిక" అంటావా? ఎదురుగా ఉంటే అరుస్తాను, అందుకే రాస్తున్నాను.

"నా బస్సు కండక్టరుకీ ఇదే వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సరు, అడినోకార్సినోమా. ఒకే రూటు, చివరి స్టాపూ ఒకటే" అన్నావు. కాదు! ఆసుపత్రిలో పంచే కరపత్రాలన్నీ చదివాను. నవ్వకు, ఈసారి డాక్టరునీ నిలదీశాను. పేరు ఒకటే, రకాలు చాలా. ఒకటి ఊపిరితిత్తిలోని గాలి గదుల గోడల వెంటే, వాటిని పగలగొట్టకుండా, నెమ్మదిగా పాకుతుంది. ఒకటి చిన్న గ్రంథుల్లా, ఇంకొకటి సన్నటి వేళ్ళలా పెరుగుతుంది. చిట్టి గుత్తులుగా విడిపోయేదీ, గట్టి ముద్దయ్యేదీ మాత్రం మొండివి. బాబాయిది ఆ ముద్ద రకం. తెలిసేసరికే ఎముకల్లోకి దిగిందని చెప్పింది నువ్వేగా! నీది చిన్న మచ్చ. ముక్క తీసి చూస్తే ఎక్కువగా మొదటి రకమే కనిపించిందట. మొత్తం తీసి చూస్తేగాని ఖాయం కాదు, కానీ ఇప్పుడే తీస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందన్నాడు. ఇంకేం కావాలి నీకు?

నీ మొండి మేనల్లుడు

*

మా మంచి మామయ్యకి,

నా ఉత్తరం చదివి నిన్న నువ్వన్న మాటతో అసలు సంగతి తెలిసింది. "రకాల సంగతి డాక్టరు నాకూ చెప్పాడ్రా. ఇన్నేళ్ళు ఒకే బస్సులో తిరిగాం. వాడు పోయి నేను బాగుపడితే, చెల్లెమ్మ మొహం ఎలా చూసేది?" అన్నావు. నేనేమో భయమనుకుని కరపత్రాలు ఏకరువు పెట్టాను.

నీకు చెప్పకుండా నీ చెల్లెమ్మ దగ్గరికే, పిన్ని దగ్గరికే వెళ్ళాను. తిట్టుకో. ఆవిడ కుట్టుమిషను ఆపి అంతా విన్నది. "మీ మామయ్య పోతే మా ఆయన తిరిగొస్తాడా? ఆ మనిషి బస్సులో ఎన్ని వేషాలేశాడో నాకు చెప్పి నవ్వించేందుకు అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన్నీ పోగొట్టుకోనా?" అంది. ముక్కు చీదుకుని, ముందే చెప్పనందుకు నన్నూ నాలుగు దులిపింది.

ఆ సంతకం వెనక్కి తీసుకోవచ్చట, అత్తయ్య కనుక్కుంది. రేపు పొద్దున ఏడింటికి ఆసుపత్రి గేటు దగ్గర అందరం ఉంటాం: అత్తయ్య, పిన్ని, నేను, నీ రేడియో. డ్రైవరు లేకుండా బండి కదలదు. వచ్చెయ్.

నీ మేనల్లుడు