పద్మ చెప్పిన ఐదు బై ఎనిమిది

అక్కా,

నువ్వు పోయాక విజయవాడలో నా దగ్గరే ఉంటున్న నీ కూతురు పద్మ ఇవాళ నా తరగతిలో నోరు విప్పింది.

రెండు ఎనిమిదో వంతులకు మూడు ఎనిమిదో వంతులు కలిపితే ఎంతని అడిగాను. పిల్లలంతా పలకలెత్తి "ఐదు బై పదహారు!" అని అరిచారు. పద్మ లేచి నిలబడింది.

"కాదండీ, ఐదు బై ఎనిమిదే. ముక్కలు కలిపాం గానీ రొట్టెను మళ్లీ కొయ్యలేదుగా. మా అమ్మ చెప్పింది."

చిన్నప్పుడు నువ్వు నాకు భిన్నాలు నేర్పిందీ దిబ్బరొట్టె కోసి చూపించే. నీ ముక్కలోని కరకరలాడే అంచు తుంచి నాకే పెట్టేదానివి.

సాయంత్రం బందరు కాలువ గట్టున వస్తూ పద్మ నీ కబుర్లు మొదలుపెట్టింది, ఇన్నాళ్లకు మొదటిసారి. ఇల్లు వచ్చినా నేను ఆగలేదు. అది చెబుతూనే ఉంది, ఇద్దరం వంతెన దాకా నడిచాం.

నీ చెల్లి