మంచి తొట్టి చేప

స్మోలా దీవి,
నవంబరు 9.

తమ్ముడు ఐవిన్‌కి అన్న టోర్లైవ్ రాసేది. నువ్వూ నీ పడవా ఒడ్డున భద్రంగా ఉన్నారనుకుంటాను. నేను బండరాయిలా ఉన్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఓపిగ్గా చదువు.

అసలు సంగతి ముందే చెబుతున్నాను. మంగళవారం ఫెర్రీ ఎక్కి పట్నం ఆస్పత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకో. ఫోన్‌లో చెబితే, నాన్న తొంభై ఏళ్లప్పుడు కూడా వల లాగాడు, మనకు సూదులెందుకన్నయ్యా, ఆ తడి పందుల్ని మేపీ మేపీ నీకు మతిపోయింది అని నవ్వి పెట్టేశావు. నడిసముద్రంలో కాడ్ చేపలు పట్టేవాడికి పంజరాల్లో సాల్మన్ చేపలు పెంచేవాడంటే ఎప్పుడూ లోకువే. సరే, ఆ పందుల సంగతే విను.

పోయిన ఏడు జబ్బు తగిలి నా వలపంజరాల్లో సగం చేపలు తేలిపోయాయి. ఈసారి జబ్బుకు తట్టుకునే చేపపిల్లలు కావాలని మన అక్క కూతురు రాగ్న పనిచేసే హేచరీకి, అదే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేచోటికి, వెళ్లాను. అక్కడ ఒకే తల్లీతండ్రీ పిల్లల్ని రెండు తొట్లలో వేస్తారు. ఒక తొట్టిలో జబ్బు కలుపుతారు. రెండోదానికి జబ్బు వాసన కూడా తగలనివ్వరు. జబ్బు తొట్టిలో బతికి బయటపడ్డవే మగాళ్లు, వాటి సంతానమే నాకియ్యి అన్నాను. రాగ్న పడీపడీ నవ్వింది. అవి ఒంట్లో జబ్బు మోస్తుంటాయి మామయ్యా, వాటిని గడప దాటనివ్వం, వాటిలో ఎన్ని బతికాయో చూసి మంచి తొట్టిలో ఉన్న తోబుట్టువులు జబ్బుకు తట్టుకుంటాయో లేదో తెలుసుకుంటాం, అంతే అంది. తల్లీతండ్రీ నిగనిగలాడుతున్నాయి కదే అంటే, అవి లోపల దాచుకున్నదే పిల్లల్లో బయటపడుతుంది అంది. నాన్న గురించి నువ్వన్న మాట అప్పుడు నాకు ముల్లులా గుచ్చుకుంది.

బయట గాలి లేచింది. రెండు ముక్కలు రాస్తున్నాను, లేచి పంజరాల తాళ్లు చూసొస్తున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను. కాఫీ చల్లారిపోయింది. ఈ గాలికి టపా పడవ ఆగిపోతే ఉత్తరం నీకెప్పుడు చేరుతుందోనని అదో గుబులు. నువ్వు పంపిన కాడ్ కాలేయం నేను తినలేదు, పిల్లి తింది. తిట్టకు.

వెళ్లు. లేదంటే నేనే వచ్చి చెవి పట్టుకుని ఫెర్రీ ఎక్కిస్తాను.

నీ అన్న,
టోర్లైవ్

ఇంకో మాట. బండరాయిలా ఉన్నానన్నది అబద్ధం. ఒంట్లో ఇనుము పేరుకుపోయి నా కాలేయం పాడైపోయింది. అమ్మా నాన్నా చెరి సగం ఇచ్చిన జబ్బట. వాళ్లకేమీ కాలేదు. ముందే తెలిసుంటే అప్పుడప్పుడూ కాస్త రక్తం తీసేస్తే సరిపోయేదని డాక్టరమ్మ అంది. నాకు ఆలస్యమైంది. నీ ఒంట్లోనూ అది ఉందో లేదో, ఉంటే ఆలస్యమైందో లేదో ఆ సూదే చెప్పాలి. జబ్బు తొట్టిలో ఉన్నది నేనురా. చెవి పట్టుకుని లాక్కెళ్లే బలం నాకు లేదు. నీ అంతట నువ్వే ఫెర్రీ ఎక్కాలి.