తాత పారిపోలేదు నాన్నా

నాన్నా,

నువ్వు వెళ్లిపోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్న నీ ఫొటోకి దండ వేశాక పోస్టులో కవరొచ్చింది, తాత పనిచేసిన పటాలం రికార్డుల ఆఫీసు నుంచి.

తాత చీపురుపల్లిలో రైలెక్కి బర్మా యుద్ధానికి వెళ్లేనాటికి నువ్వు నాయనమ్మ కడుపులో ఉన్నావు. మళ్లీ ఆయన జాడ లేదు. పటాలం వదిలి పారిపోయాడని ఊరంతా అనుకుంది. పొలంగట్టు తగాదా వచ్చినప్పుడల్లా నిన్ను "పారిపోయినోడి కొడుకా" అనేవారు. నువ్వు పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేసేవాడివి.

తాత పటాలం నంబరున్న కాగితం నీ పెట్టెలో దొరికితే, దాంతోనే అర్జీ పెట్టాను. అది దగ్గరుంచుకుని కూడా నువ్వెందుకు అడగలేదో ఇప్పుడర్థమైంది. కవరు చింపడానికి నాకూ చాలాసేపు చేతులు రాలేదు.

"ఏటి రాసినారే?" అంది అమ్మ.

తాత పారిపోలేదు నాన్నా. గాయపడినవాళ్లను మోసే పని చేస్తూ, జ్వరమొచ్చి అక్కడి ఆసుపత్రిలోనే చనిపోయాడు. ఆ కబురు మనదాకా ఎందుకు రాలేదో అందులో లేదు. కుటుంబం అన్నచోట నాయనమ్మ పేరుంది. దాని కింద, వేరే సిరాతో, కొడుకు అని రాసి నీ పేరుంది. నువ్వు పుట్టావని ఆయనకి తెలుసు. తనే చెప్పి రాయించాడు.

అమ్మ లేచి వీధి తలుపు బార్లా తీసింది.

"అరుగు మీదకెల్లి తెలుగు సేసి సదువు. గట్టిగా సదువు. ఈదోళ్లందరూ ఇనాల."

చదివాను. ఇరుగుపొరుగు బయటికొచ్చి నిలబడ్డారు. నీ పేరు దగ్గర ఆగిపోయాను.

"ఆగిపోనావేటి? మల్లీ మొదట్నుంచి సదువు" అంది అమ్మ.