జోడీ పండేదాకా

భివండి కామత్‌ఘర్ నివాసి, కీర్తిశేషులు రాపెల్లి నర్సయ్య కుమారుడు రాపెల్లి మల్లేశం అనే నేను, వయసు అరవై మూడేళ్లు, మొన్నమొన్నటిదాకా మరమగ్గాల యజమానిని, మా మాటలో సాంచల సేటును, ఇప్పుడు ఒక ఇనుప మంచానికి మాత్రమే యజమానిని, నా తదనంతరం జరగవలసిన వాటి గురించి ఈ వీలునామా రాయిస్తున్నాను. పత్తి ధూళి మింగి మింగి నా ఊపిరి చెడిపోయింది గాని బుద్ధి చెడలేదు. అనుమానం ఉన్నవారు నాతో ఒక ఆట పచ్చీసు ఆడి చూసుకోవచ్చు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలనూ లేదు. ఇదే నా మొదటి వీలునామా, ఇదే ఆఖరుది.

చెబుతున్నది నేను, రాస్తున్నది పక్క చాల్‌లో అంటే పక్క గదుల వరుసలో ఉండే హనుమాండ్లు. తిట్లు తప్ప మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పాండు మిస్త్రీకి, యమునాబాయికి అప్పగిస్తున్నాను. పాండు నా సాంచలు మొరాయించినప్పుడల్లా బాగుచేసినవాడు. యమునాబాయి మా షెడ్డు పక్కన బిస్సీ నడుపుతుంది. ఊరు విడిచి ఒంటరిగా వచ్చిన కార్మికులు నెలకింత అని కట్టి తినే చోటును ఇక్కడ బిస్సీ అంటారు. ఈ ఇద్దరూ ఒక్క మాట మీద ఉండగా నేను ఏనాడూ చూడలేదు. ఒకరు మరిచిపోతే రెండోవారు దెప్పిపొడిచి గుర్తుచేస్తారన్న నమ్మకంతో ఇద్దరినీ పెడుతున్నాను.

2. నేను ఉంటున్న ఇల్లు నా కొడుకు కిషన్‌కు చెందుతుంది. నా భార్య మల్లవ్వ వాడిన ఇత్తడి బిందెలు, గంగాళం కోడలు స్వర్ణకు చెందుతాయి. స్వర్ణతో నాకు పేచీ లేదు. వేళకు అన్నం పెట్టింది, వేళకు మందులిచ్చింది, నా దగ్గును ఒక్కనాడూ విసుక్కోలేదు. టీవీ గట్టిగా పెడుతుందని ఇరుగుపొరుగు అంటారు, నాకైతే అది వినబడదు.

3. షెడ్డులో ఇప్పుడు సాంచలు లేవు. లోడ్‌షెడ్డింగ్ మొదలయ్యాక అవి నడిచిన గంటల కంటే నిలబడిన గంటలే ఎక్కువ. చివరికి పాత ఇనుము కొనే భంగారు వాళ్లు వచ్చి సుత్తెలతో ముక్కలు చేసి తూకానికి తీసుకుపోయారు. ఆ పని అయ్యేదాకా నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఇనుము ఎంత బరువుందో అడిగారు గాని, వాటి మీద ఏం నేశామో ఎవరూ అడగలేదు. ఖాళీ షెడ్డు, దాని జాగా కిషన్‌కు చెందుతాయి. నాలుగో నిబంధనలో చెప్పినది మాత్రం ఇందులో చేరదు.

4. షెడ్డు వెనుక గోడకు ఆనుకుని ఉన్న ఒంటిగది, అంటే ఖోలీ, దాని హద్దులు: తూర్పున షెడ్డు గోడ, పడమట మురికి కాలువ, ఉత్తరాన యమునాబాయి బిస్సీ, దక్షిణాన గల్లీ. ఈ ఖోలీని దాని రేకుల కప్పుతో, తలుపుతో, బయటి నల్లా నీటి హక్కుతో సహా పెద్దులుకు, అతని తర్వాత అతని భార్య పోచవ్వకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఇందులో నా వారసులకు ఎలాంటి హక్కూ ఉండదు.

పెద్దులు నాకు చుట్టం కాదు, మా కులం కాదు. గుంట భూమి లేక జగిత్యాల దిక్కు నుంచి కూలికి వచ్చినవాడు. నేను రెండు సాంచలతో కార్ఖానా మొదలుపెట్టిన నాటి నుంచి నా దగ్గరే నేశాడు. షుగరు వచ్చి రెండు కళ్లూ పోయాయి. ఊళ్లో అతని గుడిసె కూలిపోతే ఆ జాగాలో ఇంకెవరో గోడ లేపారు. ఈ ఖోలీ తప్ప భూమ్మీద అతనికి సొంతమని తెరవడానికి ఇంకో తలుపు లేదు. ఇంతమాత్రానికే రాసిచ్చేస్తావా అని కిషన్ అడుగుతాడు. ఇంతమాత్రమే కాదు, అతను నా పచ్చీసు జోడీ.

5. ఈ నిబంధనలో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. కోర్టువారికి పచ్చీసు తెలియకపోతే తెలియాలని రాయిస్తున్నాను.

పచ్చీసు ఆడే గళ్ల బట్టను పట్టా అంటాం, దానికి నాలుగు చేతులుంటాయి. చేతికొకరు చొప్పున నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ఒక జోడీ. గవ్వలు వేసి, పడిన పందేన్ని బట్టి ఎవరి నాలుగు కాయలను వారు పట్టా చుట్టూ నడిపించి నడిమింట్లో చేర్చాలి. చేరిన కాయ పండినట్టు. నావి నాలుగూ పండినా నేను గెలిచినట్టు కాదు, నా జోడీవి కూడా పండాలి. అందుకని మంచి ఆటగాడు తన ఆఖరి కాయను పండించుకోడు. బయటే ఆగి, జోడీ వెంటపడే కాయలను కొడుతూ అతనికి దారి ఇస్తాడు.

శుక్రవారం మాకు కరెంటు సెలవు, ఆ రోజు బిస్సీలో ఆట. నేనూ పెద్దులూ ఒక జోడీ, పాండూ యమునాబాయీ ఇంకో జోడీ. సాంచల మోతకు మా చెవులు ఎప్పుడో సగం పోయాయి కనుక పడిన పందెం వేళ్లతో చూపించుకునేవాళ్లం. పెద్దులుకు కళ్లు పోయాక అతని అరచేతిలో వేలితో తట్టి చెప్పేవాళ్లం. తను వెనుకబడినప్పుడల్లా నా మోకాలు పట్టుకుని, "మల్లన్నా, నువ్వు పండకు. జర ఆగు, నేనొస్తున్న" అనేవాడు. నేను ఆగేవాణ్ని. పగలంతా కూలి, సేటు అనుకుంటూ బతికిన మాకు ఆ మాట చెప్పుకోగలిగిన చోటు అదొక్కటే.

6. పట్టా, గవ్వలు పెద్దులుకు చెందుతాయి. నిజానికి ఆ పట్టాలో ఉన్న తప్పు కూడా అతనిదే. మా సాంచ మీద గళ్ల బట్ట నేయాలంటే అడ్డచార రావలసిన చోట సాంచ ఆపి, రంగు నూలున్న నాడెను చేత్తో మార్చాలి. పెద్దులు నేస్తుండగా కరెంటు పోయింది. అది రాగానే, మళ్లీ ఎక్కడ పోతుందోనన్న తొందరలో, నాడె మార్చకుండానే సాంచ తిప్పేశాడు. ఒకచోట రెండు వరుసల గళ్లు కలిసి ఒకే పొడుగు వరుస అయ్యాయి. వ్యాపారి ఆ ముక్కను వాపసు కొట్టాడు. "ముగ్గురు మొగోళ్లు, ఒక్క గళ్ల బట్ట సక్కగ నేసుడు రాదు" అని యమునాబాయి దాన్నే పట్టీలుగా కోసి పట్టా కుట్టింది.

దానివల్ల మా పట్టాలో ఒక చేయి ఒక వరుస కురచ. ఆ చేయి దగ్గర కూర్చున్నవాడి కాయలు ముందుగా ఇల్లు చేరతాయి. న్యాయంగా ఉండాలని వారానికొకరం మారి కూర్చునేవాళ్లం. పెద్దులుకు కళ్లు పోయాక మిగతా ముగ్గురం మాట్లాడుకుని, అతన్ని ఎప్పుడూ కురచ చేయి దగ్గరే కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. ఎన్నాళ్లో సాగలేదు, వేళ్లతో గళ్లు తడిమి పసిగట్టాడు. "నేను గుడ్డోన్ని అయిన గని అడుక్కతినెటోన్ని కాలే. ఎవల వంతు చేయి వాళ్లకే" అని పట్టా ఎత్తి అవతల పడేశాడు. చాలా రోజులు ఆటకు రాలేదు. పోచవ్వ నాలుగు చివాట్లు పెడితే వచ్చాడు. నేను ఇస్తున్నది దానం అనుకుంటాడేమోనని నాలుగో నిబంధన రాయిస్తున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను. పెద్దులూ, ఇది దానం కాదు, ఆట నియమం.

7. కాయలను పాండు విరిగిన నాడెల కట్టెతో చెక్కాడు, తడిమితే తెలియాలని ఎవరివి వారి రూపంలో. పెద్దులువి తలకు రుమాలు కట్టుకుని ఉంటాయి, యమునాబాయివి గరిటె పట్టుకుని, పాండువి పానా పట్టుకుని. నావి నాలుగింటికీ పొట్ట పెట్టాడు. నాకు ఏనాడూ అంత పొట్ట లేదు, ఈ సంగతి ప్రమాణం చేసి చెబుతున్నాను. పండిన మూడు పొట్టల మల్లేశాలు నా మనవరాలు శ్రద్ధకు ఇవ్వాలి. "తాతా, హా తూచ్ ఆహేస్, పొట్ట చూడు" అని, అంటే ఇది నువ్వే అని, నవ్వింది ఈ ఇంట్లో అదొక్కతే. నాలుగో కాయ ఇవ్వడానికి లేదు. ఆఖరి ఆట మధ్యలో నాకు దగ్గు తెర వచ్చి ఆస్పత్రికి మోసుకుపోయారు. పెద్దులువి ఇంకా రెండు బయట ఉన్నాయి, కాబట్టి నాది కూడా బయటే ఉంది. ఎక్కడి కాయలు అక్కడే దారంతో టాకా వేసి యమునాబాయి పట్టాను దాచింది.

ఇంతవరకు రాసేసరికి కిషన్ వచ్చాడు. మరాఠీ బడిలో చదివినవాడు, తెలుగు చదవడం రాదు. మొదటి నుంచి హనుమాండ్లు చేత చదివించుకుని, నా చెవి దగ్గర వంగి చెప్పాడు: "బాపు, జాగ మొత్తం గోదామోళ్లకు అమ్మినం. ఆస్పత్రిల నువ్వే సంతకం వెట్టినవ్ గదా. లారీలు తిరిగెటందుకు ఎన్క జాగ గావాల్నట. ఖోలీ కూలగొడ్తరు."

ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి ఉండగా చాలా వాటి మీద సంతకాలు పెట్టాను. అందులో ఒకటి ఇదని నాకు తెలియదు. కిషన్ చెడ్డవాడు కాడు. సాంచలు నన్ను తినేయడం కళ్లారా చూసి పెరిగాడు, వాటి మీద వాడికి ప్రేమ ఉండాలని ఎందుకు అనుకోవాలి? ముందే అమ్మిన జాగాను వీలునామాలో రాస్తే చెల్లదని వకీలు చెప్పాడట. అయినా నాలుగో నిబంధన కొట్టేయవద్దని హనుమాండ్లుకు చెప్పాను. చెల్లకపోయినా అది నా మాట.

8. నాలుగో నిబంధన కుదరకపోతే, పెద్దులు, పోచవ్వ బతికి ఉన్నంతకాలం ఆ ఖోలీలో ఉండనివ్వాలి. వాళ్ల తర్వాత గోదాం వాళ్లు ఏమైనా చేసుకోవచ్చు. ఇది విని కిషన్ తల అడ్డంగా ఊపాడు.

9. అదీ కుదరకపోతే, వానలు వెనుకబట్టి దసరా వెళ్లేదాకా ఉండనివ్వాలి. "పండుగకు ముందే నేలమట్టం జేసి ఇయ్యాలె బాపు, రాసిచ్చిన" అన్నాడు. ఆ మాట అని వాడు ఏడ్చాడు. వాడు ఏడవడం నాకు నచ్చలేదు. కోపంగా ఉంటే ఇంకో నిబంధన రాయించేవాణ్ని.

10. కాబట్టి వాళ్లు వెళ్లవలసిందే. బిస్సీలో ఉంచుదామంటే పగటి పాలీకి, అంటే షిఫ్టుకు, పోయేవాళ్లు లేచిన చాపల మీద రాత్రి పాలీ వాళ్లు పడుకుంటున్నారు, అక్కడ చోటు లేదు. పోచవ్వ చెల్లెలు ఊళ్లో తన ఇంటి వసారాలో ఉండనిస్తానందట. పాండు వాళ్లతో పాటు బండి ఎక్కి అక్కడిదాకా దింపి రావాలి. నా కంబళి పెద్దులుకు ఇవ్వాలి. పట్టా, గవ్వలు, శ్రద్ధకు ఇచ్చినవి పోగా మిగిలిన కాయలు యమునాబాయి స్వయంగా అతని మూటలో పెట్టాలి. ఇంకో ముగ్గురు దొరికి అతను మళ్లీ ఆడతాడని నేను అనుకోవడం లేదు.

11. ఆఖరుగా, పాండూ, యమునాబాయీ, ఇది మీకు. ఈ కాగితంలో ఏం రాశానో పెద్దులుకు చెప్పవద్దు. అతను చదవలేడు, మీరు చెప్పకపోతే తెలియదు. ఖోలీ తన పేర రాసి మళ్లీ లాక్కున్నారని తెలిస్తే గడప పట్టుకుని కూర్చుంటాడు. కూలగొట్టే కూలీలు అతన్ని ఎత్తి పక్కన పెడతారు. అది జరగకూడదు. మీరు టాకా తెంపి, బయట ఆగి ఉన్న నా కాయను నడిమింట్లో పెట్టండి. అతను పట్టా తడిమి చూస్తాడు. మల్లేశం తనవి తను పండించుకుని పోయాడని, నీ ఊసే ఎత్తలేదని చెప్పండి. కంబళి నాదని చెప్పవద్దు. చాలా కోపం వస్తుంది. నా మీద కోపం ఉంటే ఎవరూ లేపకుండానే లేచి, పోచవ్వ భుజం పట్టుకుని తనంతట తనే నడిచి వెళ్తాడు. దారి పొడుగునా నన్ను తిడతాడు. తిట్టనివ్వండి, అట్లా కాదని మీలో ఎవరూ అడ్డం రావద్దు.

పై సంగతులన్నీ హనుమాండ్లు చదివి వినిపించగా, వినబడినంత విని, ఒప్పుకుని సంతకం చేశాను.

తేదీ: 24 ఆగస్టు 2007, శుక్రవారం
స్థలం: కామత్‌ఘర్, భివండి

(సంతకం) రాపెల్లి మల్లేశం
సంతకం సరిగా కుదరనందున పక్కన ఎడమ బొటనవేలి ముద్ర

మా ఎదుట సంతకం చేసినట్టు సాక్షులు:
1. ఆడెపు హనుమాండ్లు, రాసినవాడు
2. విఠల్, ఆటో డ్రైవరు, కామత్‌ఘర్ (సంతకం మరాఠీలో)