గులాబీ రంగు పట్టిన అద్దం

ఆదివారం, రాత్రి

ఉప్పునీటి అక్వేరియంలో రాళ్లకు గులాబీ నాచు పట్టాలని మా ఆయన ఎంతగానో ఎదురుచూశాడు. అది పడితే తొట్టిలో నీళ్లు బాగున్నట్టేనట. తీరా ఓడ డ్యూటీకి వెళ్లాకే పట్టింది. ఈమధ్య అద్దాలను కూడా కమ్మేయడంతో చేపలు కనబడకుండా పోయాయి. దిల్‌సుఖ్‌నగర్ అక్వేరియం షాపతను చెప్పినట్టు సాయంత్రం పాత ఏటీఎం కార్డుతో ముందు అద్దం గీకాను. సున్నపు పెచ్చులా గట్టిగా ఉంది, చెయ్యి పడిపోయింది. వెనక అద్దం మాత్రం ఆయన చూడాలని వదిలేశాను.

అంతలో ఓడలోంచి వీడియో కాల్.

"అబ్బ, ఎంత మంచిగ పట్టిందే! జర దగ్గరికి పెట్టు," అన్నాడు. ఫోన్ అద్దానికి ఆనించాను. ఒక్కో రాయీ అడిగి మరీ చూశాడు.

"ఇగ నువ్వు కనబడు. ఎట్లున్నవో చూస్త."

ఫోన్ నా వైపు తిప్పేలోగా లైన్ కట్టయింది.

మళ్లీ సిగ్నల్ దొరికితే చేస్తాడేమోనని ఫోన్ పక్కనే పెట్టుకుని రాస్తున్నాను. జుట్టు కూడా దువ్వుకున్నాను.