అయిదు స్టేట్ల యంత్రం

తట్టాంచావడి, పుదుచ్చేరి
5-2-2007

పెద్దనాయనకు అర్చిత నమస్కారం.

ఫోన్లో మీకు సరిగా వినబడదు కనుక ఉత్తరమే రాస్తున్నాను. పక్క షెడ్డులో డబ్బా మూతలు కొట్టే కొత్త ప్రెస్సు రాబోతోంది. దానికి ప్రోగ్రాం రాసే పని మా కంపెనీది. పోయినేడు పాత ప్రెస్సులో అంజలై అనే ఆమెకు రెండు వేళ్ళు పోయాయి. ఈసారి యంత్రం కట్టకముందే దాని నడక అందరూ చూడాలని నా పట్టుదల. కాగితం మీద గీసిన మోడల్ ఎవరికీ అర్థం కావడంలేదు. అందుకే అది కదులుతూ కనిపించేలా వెబ్‌లో ఒక టూల్ పెడుతున్నాను. మోడల్లో అయిదు స్టేట్లున్నాయి. ముప్పై ఏళ్ళు మిల్లు యంత్రాల దగ్గర పనిచేశారు, మీరూ చూడాలి. సర్వర్ మాత్రం రోజూ పడిపోతోంది. అయినా నేను వదలను.

మీ అర్చిత

తా.క. ఇది రాస్తుండగా సర్వర్ మళ్ళీ పడిపోయింది.

కారైక్కాల్
9-2-2007

అర్చితకు, ఒక చెవితో నెట్టుకొస్తున్న పెద్దనాయన దీవెన.

ఒకే సర్వర్‌తో హోటల్ నడిపేవాళ్ళను చూశాను గానీ, రోజూ పడిపోయేదాకా పనిచేయించేవాళ్ళను చూడలేదు. ఆ మనిషిని కాస్త కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి. నొప్పులకు తైలం పార్సెల్లో పంపాను. ఎవరో మోడల్ కదులుతుంటే ఊరంతా చూడాలంటున్నావు, మీ నాయనకు చెప్పావా? ఇక స్టేట్ల సంగతి. మన పుదుచ్చేరిని ఒక్క స్టేటు చేయమని ఇన్నేళ్ళుగా అడుగుతున్నాం, కాలేదు. మూతల యంత్రానికి అయిదెవరిచ్చారు?

కుప్పుస్వామి

తా.క. తైలం కళ్ళకు తగలకూడదని సర్వర్‌కు చెప్పు.

తట్టాంచావడి
14-2-2007

పెద్దనాయనా,

సర్వర్ మనిషి కాదు, కంప్యూటర్. మోడల్ అమ్మాయి కాదు, యంత్రం నడకను చూపే పటం. స్టేట్ అంటే యంత్రం ఆ క్షణాన ఉన్న స్థితి: ఆగి ఉండడం, రేకు పట్టడం, కొట్టడం, అలాంటివి. టూల్ మొత్తం తీసేసి నాలుగోసారి ఎక్కించాను, ఇప్పుడు నిలబడింది. సోమవారంలోగా అందరికీ చూపలేకపోతే పటం పక్కన పెట్టి యంత్రం కట్టించేస్తానని షెడ్డు యజమాని పురుషోత్తమన్ అన్నాడు. అడ్రసు చీటీ మీద రాశాను, బ్రౌజింగ్ సెంటర్లో చూపండి. తెర మీద మీటలుంటాయి, భయపడకుండా నొక్కండి.

అర్చిత

తా.క. తైలం నా మెడకు పనికొచ్చింది.

కారైక్కాల్
17-2-2007, స్పీడ్ పోస్ట్

అర్చితా, ఇది అందగానే ముందు షెడ్డుకు పరుగెత్తు.

బ్రౌజింగ్ సెంటర్ నడిపే వెళ్ళైయమ్మాళ్ నీ పటం తెరిచి ఇచ్చింది. పచ్చదీపం ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పోతోంది. అది కొట్టే గడిలో ఉండగా ‘కరెంటు పోయింది’ మీట నొక్కాను. దీపం ఆరింది. ‘కరెంటు వచ్చింది’ నొక్కాను. ఎవరూ స్టార్ట్ నొక్కకుండానే మళ్ళీ కొట్టింది. ఏడుసార్లు చూశాను, ఏడుసార్లూ కొట్టింది. అప్పుడు తట్టింది. నేనిక్కడ నొక్కితే అక్కడ నీ ప్రెస్సు ఏడు దెబ్బలు కొట్టి ఉంటుంది కదా. ఎవురి చెయ్యన్నా నలిగిందా, చెప్పు పాపా.

కుప్పుస్వామి

తా.క. ఇంకెవరూ నొక్కకుండా ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. వెళ్ళైయమ్మాళ్ ఇంటికి పొమ్మంటోంది. నాకు వినబడడంలేదు.

తట్టాంచావడి
20-2-2007

పెద్దనాయనా, ముందు ఆ కుర్చీలోంచి లేవండి. మీరు కొట్టించింది బొమ్మను. యంత్రం ఇంకా పుట్టనేలేదు.

కానీ మీరు చూసింది నిజం. రెండు వందలసార్లు నడిపాను గానీ, కొట్టే గడిలో ఉండగా కరెంటు తీసి చూడలేదు. నిన్న అందరి ముందూ అదే చేశాను. అంజలైనీ పిలిపించాను. ఆమె తెర దగ్గరకొచ్చి, “నా వేళ్ళు పోయిన పొద్దు కరెంటు పోయి వచ్చింది. నేను మీట తాకలేదని అప్పుడే చెప్పినా. ఎవురూ వినలా” అంది.

తప్పు ఆమెదేనని రాసి, పనిలోంచి తీసేశారట. నేను పటం గీసింది ఆ పాత ప్రెస్సు కాగితాలు చూసే. తప్పు అక్కణ్ణుంచే వచ్చింది. పురుషోత్తమన్ అంజలైని క్షమించమని అడిగాడు. ఆ రాత కొట్టేయించాడు. ఇప్పుడు కరెంటు వచ్చినా, చేత్తో స్టార్ట్ నొక్కేదాకా యంత్రం కదలకుండా పటం మార్చాను. ఇవ్వాళ్టి నుంచి మా కంపెనీలో పటాలు పరీక్షించే పని అంజలైది. నా పక్కనే కూర్చుంది.

మీ అర్చిత

తా.క. మధ్యాహ్నంలోపే ఆమె ఇంకో రెండు తప్పులు పట్టింది. ఇదివరకు నేరుగా తోసుకొచ్చే పురుషోత్తమన్ ఇప్పుడు తలుపు తట్టి లోపలికొస్తున్నాడు.