సగం తీగ

2011 ఆగస్టు 22, సోమవారం

మళ్ళీ అదే మాట పడ్డాను. శివ్వంపేట రాధమ్మ వదిన పెద్దబిడ్డ పెళ్ళి. జాకెట్టు మగ్గం పనికి ఇద్దామని వచ్చింది. నేను గీసిన ట్రేసింగ్ కాగితాల కట్ట మొత్తం తిరగేసింది. నెమళ్ళు, మామిడి పిందెలు, హంసలు, మళ్ళీ నెమళ్ళు...

"సరితా, గివన్నీ సిద్దిపేటల చూసినయే. నువ్వే గీసినవా, ఏడ్నన్న జూసి దించినవా?"

నవ్వుతూనే అడిగింది. నాకే ముఖం చెల్లలేదు. దించినవే మరి! పదకొండేళ్ళుగా దించుతూనే ఉన్నాను — హైదరాబాదు నుంచి వచ్చే డిజైన్ పుస్తకాల్లోంచి, చీర అంచుల్లోంచి, ఒకసారి పెళ్ళికార్డు మీది వినాయకుడి చుట్టూ ఉన్న లతలోంచి కూడా. ఆ కట్టలో నాది అని చెప్పుకోవడానికి ఒక్క కాగితం లేదు.

పట్టు బట్ట మాత్రం ఇక్కడే పెట్టి వెళ్ళింది. ఎవరి దగ్గరా లేనిది గీస్తే పని నాకు. లేదంటే హైదరాబాదు కొట్టుకు. పెళ్ళి కార్తీకంలో.

ఆగస్టు 24

స్వప్న జిరాక్సు కొట్టుకు పోయి ఏడ్చినంత పని చేశాను. బడి రోజుల నుంచి నా గోడు వినేది అదొక్కతే. ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ తీసి చేతిలో పెట్టింది. అందులోది తనంతట తానే డిజైన్లు పుట్టిస్తుందట. నంబరు మారిస్తే బొమ్మ మారుతుందట. బొమ్మ లోపలికి ఎంత దూరం పోయినా ఇంకా బొమ్మ ఉంటుందట. ఫ్రాక్టల్ అంటారట. అంతకు మించి దానికీ తెలియదు.

ఆగస్టు 25

మూతపడ్డ ఇంటర్నెట్ కొట్టు నుంచి మా ఆయన తెచ్చిన డబ్బా కంప్యూటర్. రెండేళ్ళుగా దాని మీద దారపు ఉండలు పెట్టుకుంటున్నాను. ఇవాళ దించాను, దుమ్ము తుడిచాను, సీడీ వేశాను. అన్నీ ఇంగ్లీషు. నేను చదివింది పది, అదీ తెలుగు మీడియం.

పెన్సిలు బొమ్మ ఎక్కడుందా అని గంటసేపు వెతికాను. లేదు. గీయనివ్వని బొమ్మల సాఫ్ట్‌వేరు! మౌస్ పట్టి లాగితే ఒక చదరం పడుతుంది, ఆ చదరంలోది పెద్దదవుతుంది. అంతే. నా చెయ్యికి ఇక్కడ పనే లేదు.

ఆగస్టు 26

తెర నిండా నల్లటి పేడపురుగు బొమ్మ. లోపలికి పోతే ఇంకో పేడపురుగు. దాని పక్కన పిల్ల పేడపురుగు. ఛీ.

ఆగస్టు 28

మెడ పక్కకు వాల్చి చూస్తే... పురుగు కాదు. నిలబెడితే తల, భుజాలు, మఠం వేసుకుని కూర్చున్న ఒడి. చుట్టూ మంటల అంచు. ఏడుపాయల అమ్మవారు కూర్చున్నట్టే ఉంది!

స్వప్న దగ్గర ప్రింటు తీయించాను, దాని మీద కాగితం వేసి గీశాను, గీత వెంట సూదితో చిల్లులు పొడిచాను. షాహిదా ఆపా ముక్క బట్ట మీద మచ్చు కుడుతోంది. నా మొదటి నెమలి నుంచి నా గీతలన్నీ కుట్టింది ఆపానే. కళ్ళజోడు సర్దుకుని మగ్గం ముందు కూర్చుంది.

సెప్టెంబరు 3

రాధమ్మ వదిన మచ్చు తీసి కళ్ళకద్దుకుంది. వీపు మీద అమ్మవారు, ఇట్లాంటిది ఎక్కడా చూడలేదంది. ఎవరిది అని అడగకముందే నేనే చెప్పాను — నాదే వదినా. పదకొండేళ్ళలో మొదటిసారి. ఎంత సంబరమో.

సెప్టెంబరు 6

చచ్చాను.

వదిన మళ్ళీ వచ్చింది. ఇంటర్ చదివే చిన్నబిడ్డను వెంటబెట్టుకుని. ఆ పిల్ల సంచిలోంచి లెక్కల గైడు తీసింది. అట్ట మీద నా అమ్మవారు. అడ్డంగా పడుకుని.

"గిది దీని గైడు మీద గూడ ఉన్నది సరితా." వదిన ఈసారి నవ్వలేదు.

దించలేదని చెప్పబోయాను. కంప్యూటరు తెరిస్తే అదే వచ్చిందని చెప్తే ఎవరు నమ్ముతారు? బట్ట వెనక్కు అడుగుతుందనుకున్నాను. అడగలేదు. దసరా దాటేదాకా చూస్తానంది. నా మీద జాలి పడింది. తిట్టినా ఇంత మండేది కాదు.

సెప్టెంబరు 7

స్వప్న చాలా తీరిగ్గా చెప్పింది — "అది ఎవ్వలు తెరిచినా ముందుగాల వచ్చే బొమ్మనే గద." మరి చెప్పొద్దా అంటే, నువ్వు అడగలేదంది. ప్రపంచంలో ఎవరు తెరిచినా అదే పురుగు, అదే చోట. నేను దానికి పక్కకు తిరిగి దండం పెట్టుకున్నాను. స్వప్నతో ఇక మూడు రోజులు మాట్లాడను.

సెప్టెంబరు 9

రెండు రోజులకే మాట్లాడాను. గతి లేదు. ఇంకో రకం బొమ్మ ఉందట. రెండు గళ్ళల్లో మన నంబర్లు వేస్తే వాటిని బట్టి పుడుతుందట. ఒక గడి పేరు రియల్, రెండోది ఇమాజినరీ. నిఘంటువు తీశాను. ఒకటి నిజం, ఒకటి ఊహ. లెక్కల్లో కూడా ఊహలుంటాయని నాకు ఏ పంతులూ చెప్పలేదు.

నిజంలో మా పెళ్ళి తారీఖు వేశాను, ఊహలో నెల. ఖాళీ తెర. మా ఆయన నడిపే బస్సు నంబరు వేశాను. ఖాళీ. సూది నంబరు, దారం నంబరు. ఖాళీ, ఖాళీ. నా బతుకులో ఉన్న అంకెలన్నీ అయిపోయాయి.

సెప్టెంబరు 11

సున్నా, చుక్క, ఆ తర్వాతే మన అంకెలు. అంత చిన్నవి వేయాలట! వేశాను. తెర నిండా లతలు... నోరు తెరుచుకుని చూశాను. ఇంకా బాగుంటుందేమోనని చివరి అంకె ఒక్కటి మార్చాను. మొత్తం రవ్వ పోసినట్టు విడిపోయింది. పాతది వేద్దామంటే ఏ అంకో గుర్తు లేదు.

ఇక నంబర్లన్నీ ఈ డైరీలోనే రాస్తాను.

సెప్టెంబరు 13

తెలంగాణ కోసం సమ్మె మొదలు. బస్సులను డిపో దాటనివ్వడం లేదు. ఆయన పొద్దున సమ్మె టెంటు దగ్గరికి పోతాడు, పదింటికి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటాడు. నా ఎదురుగా.

సెప్టెంబరు 16

కరెంటు పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం వస్తే వచ్చినట్టు. టీవీ, కంప్యూటరు కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. ఇవాళ ఆయన వంతు, నేనే కూర్చున్నాను.

"మొత్తం తెలంగాణ బందయింది. నీ తీగ రెండు దినాలు బందయితే ఏమైతది?"

తెలంగాణకు ఊరంతా ఉంది, నా తీగకు నేనొక్కదాన్నే అన్నాను. ఆయన వంటింట్లోకి పోయి తన టీ తానే పెట్టుకున్నాడు. నాకూ ఒక గ్లాసు తెచ్చాడు. చక్కెర మరిచిపోయాడు.

సెప్టెంబరు 19

ఒకే లెక్కను ఎన్నిసార్లు తిప్పాలో అడిగే ఇటరేషన్ గడిలో పెద్ద నంబరు వేస్తే గీత నునుపుగా వస్తుందని స్వప్న చెప్పింది. పట్టినన్ని తొమ్మిదులు వేశాను. కంప్యూటరు బిగుసుకుపోయింది. పైనుంచి ఒక్కో గీత... ఒక్కో గీత... గంటన్నర చూశాను. సగానికి రాకముందే కరెంటు పోయింది.

దాని మొహం మీద గుడ్డ కప్పాను.

సెప్టెంబరు 22

జాకెట్టు కుడిచేతికి సరిపోయే వంపు దొరికింది. ఎడమచేతికి దాని ఎదురుబొమ్మ కావాలి. రెండు రోజులు ప్రతి మెనూ తెరిచి వెతికాను. స్వప్నను సతాయించాను. ఇవాళ ఆపా వచ్చి, ఆ ప్రింటు కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. అయిపోయింది! పదకొండేళ్ళుగా రోజూ నేను చేసే పని అది. నా బుర్ర ఆ పెట్టెలో పెట్టి మరిచిపోయానేమో.

పైగా ఆ వంపు పనికే రాదంది. "గీ సందులల్ల సూది పట్టదు సరితా. వెంట్రుక తోని కుట్టాల్నా?"

అదీ నిజమే. దీని లోపలికి ఎంతైనా పోవచ్చు. సూది పోలేదు.

సెప్టెంబరు 25

తెర మీద దుమ్ము. పేడపురుగు. దుమ్ము. ఫ్యూజు.

సెప్టెంబరు 29

దొరికింది.

నిజం −0.7483, ఊహ 0.0917.

బీరతీగ కొస చుట్టుకున్నట్టు ఉంది. మొదట్లో వదులుగా, పోను పోను బిగుసుకుంటూ. ప్రతి మెలిక దగ్గర ఒక చిగురు, ఆ చిగురుకూ మళ్ళీ అదే మెలిక. సూదికి సందు ఉంది. ఇక్కడిదాకా రావడానికి ఎన్ని చదరాలు లాగానో నాకే తెలియదు, ఆ గైడు అచ్చు వేసినవాళ్ళకు అసలే తెలియదు. 

ఇవాళ బందు. స్వప్న కొట్టు మూసి ఉంది, ప్రింటు లేదు. అప్పుడు తట్టింది — ట్రేసింగ్ కాగితం తెచ్చి సరాసరి తెర మీదే అంటించాను. కింద వెలుతురు, పైన కాగితం, చేతిలో పెన్సిలు. నెల రోజుల్లో మొదటిసారి నా పని నేను చేస్తున్నట్టు అనిపించింది. డబ్బా గాజు ఉబ్బెత్తు, అంచుల్లో పెన్సిలు జారింది, అయినా ఆగలేదు. మూడో మెలిక దాకా వచ్చాను.

కరెంటు పోయింది.

సేవ్ చేయలేదు. ప్రింటు లేదు కదా, చేయాలని తోచనే లేదు.

అదే రోజు, సాయంత్రం

కరెంటు వచ్చింది. అంకెలు వేశాను. పెద్దబొమ్మ వచ్చింది. అందులో నేను ఎక్కడ నిలబడ్డానో తెలియదు. అంకెలు రాసుకున్నాను, చోటు రాసుకోలేదు. తల బాదుకున్నాను, నిజంగానే, గోడకు.

అక్టోబరు 1

ఇది కాదు.

అక్టోబరు 2

ఇదీ కాదు. కాగితం అంటించి పోలుస్తున్నాను. రెండో మెలిక దగ్గరే తప్పుతోంది. అన్నీ దాని అక్కచెల్లెళ్ళే, అది మాత్రం కాదు.

అక్టోబరు 4

సద్దుల బతుకమ్మ. పూలు పేరుస్తున్నా తీగే కళ్ళ ముందు. ఆడుతూ అడుగు తప్పాను, పక్కింటి వదినలు నవ్వారు. ఇంటికొచ్చి కంప్యూటరు వేశాను. పేడపురుగు పలకరించింది.

అక్టోబరు 8

దసరా దాటింది. వదిన ఫోను ఇంకా రాలేదు. రేపో మాపో వస్తుంది.

ఉన్న సగాన్నే తిప్పి పక్కన పెట్టి చూశాను. కుదరలేదు. రెండు మొదళ్ళున్న తీగ, కొస లేదు. ఏడ్చాను, ఆయన ముందే, టీవీకి అడ్డంగా నిలబడి. సమ్మె వార్తలు వస్తున్నాయి. ఆయన లేచి టీవీ బంద్ చేశాడు. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పొగమంచుల బండి తోల్తం గద. లైటు పడ్డ కాడికే తోలాలె. గాడికి పోతే ఇంక జరంత కనబడ్తది. నువ్వు గూడ గట్లనే గియ్యి."

బస్సు వేరు, ఇది వేరు అని కసిరాను. మళ్ళీ టీవీ పెట్టుకున్నాడు, సౌండు తగ్గించి.

అక్టోబరు 9

గీశాను. మూడో మెలిక నుంచి కొస దాకా, చేత్తో. ఒక్క మెలికకు సరిపడా చూసుకుని గీయడం, ఆగడం, మళ్ళీ చూడడం. నాలుగుసార్లు చెరిపాను. ఆయనకు చెప్పలేదు.

అతుకు కనబడుతోంది. నాకు కనబడుతోంది.

అక్టోబరు 11

ఆపాకు ఏమీ చెప్పకుండా కాగితం ఇచ్చాను. అతుకు పట్టేస్తుందని భయం. ఆపా కళ్ళజోడు పెట్టుకుని మొదలు నుంచి వేలు నడిపించింది. అతుకు దాటింది, ఆగలేదు. కొస దాకా పోయింది. మళ్ళీ వెనక్కు వచ్చి మొదటి మెలిక దగ్గర ఆగింది.

"గీడ నీ చెయ్యి కనబడ్తుంది సరితా. గీ వంపు నువ్వు దప్ప ఎవ్వలు తిప్పరు."

అది కంప్యూటరు వంపు. నేను తెర మీద నుంచి దించింది.

తల ఊపాను. ఆపా కిరోసిన్‌లో తెల్లపొడి కలిపి, చిల్లుల మీద రుద్ది, పట్టు మీద గుర్తులు వేసుకుంది. ఇక వెనక్కు తీసుకోవడానికి లేదు.

అక్టోబరు 12

పొద్దున్నుంచి అదే ఆలోచన. ఆ వంపులో నా చెయ్యి ఎట్లా వచ్చింది? గాజు మీద జారిన పెన్సిలా? సూది పట్టదని నేను వదిలేసిన సందులా? ఏమో. మరి నేను గీసిన కొస? అందులో ఆపా ఎవరిని చూసింది? అడగాలంటే భయం.

అక్టోబరు 15

అడిగాను. కొస ఎట్లా ఉంది ఆపా అని, ఊరికే అడిగినట్టు.

"కొస మస్తుగున్నది. ఏ పుస్తకంల దొరికింది?"

సూది ఆపకుండానే అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పోయి నిలబడ్డాను. నాది కానిదాన్ని నీదే అంది. నాదైనదాన్ని పుస్తకంలోది అంది. పదకొండేళ్ళ పాపం ఇట్లా తగులుతుందని అనుకోలేదు.

అక్టోబరు 18

కుడిచెయ్యి అయింది. ఎడమది కాగితం తిప్పి వేశాం. బాగుంది. బాగుందని నా నోటితో నేనే అంటున్నాను, అయినా చూపు అతుకు దగ్గరే ఆగుతోంది.

అక్టోబరు 21, శుక్రవారం

పొద్దున వదిన ఫోను. ఆటో మాట్లాడుకుని వస్తున్నారట. ఆపా రాలేదు, జాకెట్టు చేతులు రెండూ మంచం మీద పరిచి కూర్చున్నాను. నాదే వదినా — రెండుసార్లు పైకే అని చూసుకున్నాను. ఆయన టీవీ మీది నుంచి తల తిప్పి చూశాడు.

ఎవరిదని అడిగితే సగం నాది అనాలా? ఏ సగం?

ఆటో ఆగింది. వదిన గొంతు వినిపిస్తోంది. వెనకే చిన్నబిడ్డ దిగింది. చేతిలో మళ్ళీ ఏదో పుస్తకం. అట్ట ఇటువైపు లేదు.